సోడా సూరయ్య చెయ్యెత్తాలి: వెక్టర్‌లో కదిలే పాత్రను గీయడం ఎలా?

కంప్యూటర్‌లో నేను గీసిన మొదటి వెక్టర్ బొమ్మకు చెయ్యి లేవలేదు. పిల్లల పుస్తకం కోసం కూరగాయలమ్మే అవ్వను గీసి ఇచ్చాను. ఒంటి చుట్టూ ఒకే గీత, చూడటానికి ముచ్చటగానే ఉంది. మర్నాడు పుస్తకం వేసేవారు ఫోన్ చేసి, "బాగుందండీ, అవ్వ చెయ్యెత్తి బేరానికి పిలుస్తున్నట్టు ఇంకొకటి కావాలి" అన్నారు. చెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది. కొంగు చేతికి అతుక్కుని ఉంది. కొంగు కదిపితే నడుము చిరిగింది. చేసేదేమీ లేక బొమ్మంతా మళ్లీ గీశాను. అలా ఆ పుస్తకం పూర్తయ్యేసరికి అవ్వను పదకొండుసార్లు గీశాను. పదకొండుమందీ అక్కచెల్లెళ్లలా ఉన్నారే తప్ప ఒక్క మనిషిలా లేరు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక తోలుబొమ్మను చేతిలోకి తీసుకుని చూసే అవకాశం వచ్చింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ పని తరాలుగా సాగుతోంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ అందుకున్నారు. మేకతోలును వెలుగు దూరేటంత పలచగా చేసి, తల, మొండెం, భుజం, ముంజేయి విడివిడిగా కత్తిరిస్తారు. కీలు దగ్గర ఒక ముక్కను ఇంకో ముక్క మీదికి ఎక్కించి తాడుతో ముడివేస్తారు. ముక్క ఆ ముడి చుట్టూ తిరుగుతుంది. పైగా తెర మీద పడిన రూపాన్ని చూసి, వచ్చింది హనుమంతుడో రావణుడో చివరి వరుసలో చాప పరుచుకున్న ముసలాయన కూడా చెప్పగలగాలి. పెన్ టూల్ (చుక్కలు పెట్టి గీత గీసే పనిముట్టు) పాఠాలు ఎన్ని చూసినా నాకు అర్థం కానిది ఆ బొమ్మ కీలు తిప్పగానే అర్థమైంది.

ఇప్పుడు ఆ పద్ధతిలోనే ఒక పాత్రను మొదటి నుంచి గీద్దాం. పాత్ర పేరు సోడా సూరయ్య. గోలీసోడా బండి పెట్టుకున్న మనిషి. బొజ్జ, మీసం, మోకాళ్ల పైకి మడిచి కట్టిన లుంగీ, భుజాన తువ్వాలు.

సాఫ్ట్‌వేర్ సంగతి

నేను ఇంక్‌స్కేప్‌లో చెబుతాను. ఇది ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది, 2003 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు దీన్ని పెంచుకుంటూ వస్తున్నారు. మీ దగ్గర ఇలస్ట్రేటరో కోరల్‌డ్రానో ఉంటే అందులోనే చేయండి. మీటలు మారతాయి గాని పని మారదు. గ్రాఫిక్ టాబ్లెట్ కొనాలా అని చాలామంది అడుగుతారు. వెక్టర్‌కు అక్కర్లేదు. ఇక్కడ మనం చేత్తో గీత లాగం, చుక్కలు పెట్టి వాటి మధ్య గీతను వంచుతాం. దానికి మౌసు చాలు, నిజానికి మౌసే నయం. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో మాత్రం మొదలుపెట్టకండి. మూడో రోజుకల్లా మానేస్తారు.

వెక్టర్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. ఫోటో అనేది రంగు చుక్కల బియ్యం పరిచిన ముగ్గు, పెద్దది చేస్తే గింజలు కనపడతాయి. వెక్టర్ బొమ్మలో ఉండేది "ఇక్కడి నుంచి అక్కడికి ఇలా వంగిన గీత, లోపల ఈ రంగు" అనే లెక్క మాత్రమే. దాన్ని స్టాంపు బిళ్లంత చేసినా, ఊరి మొదట్లో ఫ్లెక్సీ అంత చేసినా అంచు చెక్కుచెదరదు.

ముందు కాగితం

కంప్యూటర్ తెరవకముందే ఒక పని ఉంది. సోడా బండి దగ్గరికి వెళ్లి ఒక సోడా తాగండి. ఊరికే తాగకుండా ఆయన చేతిని చూడండి. సీసాను ఎడమచేత్తో ఎలా పట్టుకున్నాడు? గోలీని బొటనవేలితో నొక్కేటప్పుడు భుజం ఎంత లేస్తుంది? ఆ కీచుమనే క్షణంలో కన్ను మూస్తాడా? నేను చూసిన ఒకాయన ఒక కన్ను మూసి, పెదవి ఒక పక్కకు లాగి, తల వెనక్కి వంచేవాడు. నురుగు ముఖాన చిమ్ముతుందని ఏళ్లుగా పడిన అలవాటు. ఆ ఒక్క భంగిమలో మనిషి వృత్తి, వయసు, సహనం అన్నీ ఉన్నాయి. మన బొమ్మకు అదే కావాలి.

ఇంటికొచ్చి ఒక తెల్లకాగితం మీద అగ్గిపెట్టె అంత సైజులో ఇరవై బొమ్మలు వేయండి. కళ్లు, ముక్కు వద్దు. నల్లటి ఆకారం మాత్రం, స్కెచ్ పెన్నుతో నింపేయండి. మొదటి ఐదూ మీకు ఎక్కడో చూసినట్టే ఉంటాయి, ఎందుకంటే నిజంగానే అవి మీరు ఎక్కడో చూసినవి. పదో పన్నెండో బొమ్మ దాటాక మీ సొంత సూరయ్య రావడం మొదలవుతాడు. నాకు పద్నాలుగోదానిలో దొరికాడు: సూరయ్య ఒళ్లే గోలీసోడా సీసాలా ఉంటే? కింద గుండ్రటి బొజ్జ, మెడ దగ్గర నొక్కు, పైన చిన్న తల. (ఆ నొక్కు మెడ సీసాకు 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఆ దేశంలో అది ఎప్పుడో మూలపడింది, మన దగ్గర ఇంకా కీచుమంటూనే ఉంది.)

నచ్చినదాన్ని కొంచెం పెద్దగా పెన్సిల్‌తో గీసి, ఫోన్‌తో నిటారుగా ఫోటో తీయండి.

పేజీ సర్దుకోవడం

ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+షిఫ్ట్+డి నొక్కి, పేజీని 1000 పిక్సెళ్ల వెడల్పు, 1000 పిక్సెళ్ల ఎత్తు పెట్టండి. పై అంచున, ఎడమ అంచున ఉన్న స్కేళ్ల మీద నుంచి మౌసుతో లాగితే నీలం గైడ్ గీతలు వస్తాయి. వాటి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఎక్కడ ఉండాలో అంకె ఇవ్వొచ్చు. నిలువుగా 500 దగ్గర ఒకటి, అడ్డంగా 100, 300, 500, 700, 900 దగ్గర ఒక్కొక్కటి పెట్టండి.

ఎందుకీ అంకెలు? మామూలు పెద్దమనిషి ఎత్తు తన తలకు ఏడున్నర రెట్లకు దగ్గరగా ఉంటుంది. హాస్యం, ముద్దు కావాలంటే తల పెద్దది చేసి మొత్తం ఎత్తును మూడు, నాలుగు తలలకు దించుతారు. సూరయ్యకు నాలుగు తలలు. తల 100 నుంచి 300 దాకా, పాదాలు 900 దగ్గర. ఈ కొలత ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. రేపు ఇంకో భంగిమ గీసేటప్పుడు నా అవ్వలకు పట్టిన గతి మీ సూరయ్యకు పట్టదు.

కంట్రోల్+ఐతో పెన్సిల్ బొమ్మ ఫోటోను తెచ్చుకుని, గైడ్‌లకు సరిపోయేలా సాగదీసి, ఒపాసిటీని (బొమ్మ గాఢతను) 30 శాతానికి తగ్గించి, దాన్ని ఒక విడి లేయర్‌లో (పొరలో) పెట్టి తాళం వేయండి. లేయర్ల పెట్టె కంట్రోల్+షిఫ్ట్+ఎల్‌తో తెరుచుకుంటుంది. పైన ఇంకో కొత్త లేయర్, దానిలోనే పనంతా.

ఇక్కడ ఒక ప్రలోభం ఎదురవుతుంది. పెన్సిల్ బొమ్మను దానంతట అదే వెక్టర్‌గా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ అనే సౌకర్యం మెనూలో ఉంది. వాడకండి. కాగితం మీద పడ్డ మరకను కూడా భక్తిగా గీసి వందల చుక్కలు పోస్తుంది. ఆ చుక్కలను ఏరుకోవడం కంటే కొత్తగా గీసుకోవడం తేలిక.

చుక్క, దాని ముక్కుతాడు

పెన్ టూల్ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు, కాబట్టి ఇక్కడ కాస్త కూర్చుందాం.

బి నొక్కితే పెన్ టూల్ వస్తుంది. ఊరికే క్లిక్ చేస్తే మూల పడుతుంది. క్లిక్ చేసి వదలకుండా లాగితే చుక్కకు రెండు పక్కలా రెండు మీసాలు వస్తాయి. చుక్కను నోడ్ అని, మీసాన్ని హ్యాండిల్ అని అంటారు. హ్యాండిల్ ఎద్దు ముక్కుతాడు లాంటిది. ఎటు లాగితే గీత అటు బయలుదేరుతుంది. ఎంత పొడుగు లాగితే అంత దూరం ఆ దిక్కునే పోయి ఆ తర్వాతే తిరుగుతుంది. రెండు నోడ్‌లు, వాటి మధ్య రెండు హ్యాండిళ్లు, ఈ నాలుగింటితో ఒక వంపు తేలిపోతుంది.

ఈ లెక్క బొమ్మల కోసం పుట్టలేదు, కార్ల కోసం పుట్టింది. 1960లలో ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే కారు ఒంటి వంపులను అంకెల్లో పెట్టడానికి దీన్ని వాడి ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందే 1959లో సిట్రోయెన్‌లో పాల్ డి కాస్టెల్జో ఇదే పని చేశాడు గాని, ఆ కంపెనీ రహస్యంగా ఉంచడంతో పేరు బెజియేకు దక్కింది.

నోడ్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. వంపు అన్నిటికంటే పైకి, కిందికి, ఎడమకు, కుడికి పోయే చోట్ల పెట్టండి. అక్కడ హ్యాండిళ్లు కచ్చితంగా అడ్డంగానో నిలువుగానో ఉండేలా, లాగేటప్పుడు కంట్రోల్ నొక్కి పట్టుకోండి. వృత్తానికి నాలుగే నాలుగు నోడ్‌లు. బొజ్జకు కూడా అంతకంటే ఎక్కువ అవసరం లేదు. కొత్తవాళ్లు వంపు సరిగా రాకపోతే మధ్యలో ఇంకో చుక్క పెడతారు, అది ఇంకో గతుకు అవుతుంది. గతుకు కనిపిస్తే చుక్క తీసేయండి, పెట్టకండి.

సాధనకు మన దగ్గర ఎవరికీ లేని ఒక వరం ఉంది: తెలుగు లిపి. తెర మీద ఏదైనా ఖతిలో (ఫాంట్‌లో) "ఠ", "ల", "అ", "ఖ" పెద్దవిగా టైపు చేసి, తాళం వేసి, వాటి మీద పెన్ టూల్‌తో గీయండి. "ఠ" వృత్తం మీకు నాలుగు నోడ్‌ల సూత్రం నేర్పుతుంది. "ల" మెలిక ఒక వంపు నుంచి ఎదురు వంపులోకి జారడం నేర్పుతుంది. తలకట్టు దగ్గర గీత గుండ్రంగా వచ్చి చటుక్కున విరుగుతుంది. అక్కడ ఎన్ నొక్కి నోడ్ టూల్‌కు వచ్చి, ఆ చుక్కను ఎంచుకుని షిఫ్ట్+సి కొడితే మూల అవుతుంది, షిఫ్ట్+ఎస్ కొడితే మళ్లీ నునుపవుతుంది. రోజుకు పది అక్షరాల చొప్పున వారం రోజులు చేస్తే పెన్ టూల్ అంటే భయం పోతుంది. నేను అచ్చులన్నీ పూర్తిచేసి హల్లుల్లో "ఝ" దగ్గర అలిసిపోయాను, అప్పటికే పని కుదిరింది.

ఒళ్లు కొయ్యడం

ఇక సూరయ్య. ఉన్న ఆకారాలతో మొదలుపెట్టండి, పెన్ టూల్‌ను అవసరమైన చోటికే దాచుకోండి.

ఇంగ్లీషు ఈ (E) మీట నొక్కి దీర్ఘవృత్తం లాగండి, 300 నుంచి 660 వరకు ఎత్తు, 320 పిక్సెళ్ల వెడల్పు. అది మొండెం. కంట్రోల్+షిఫ్ట్+సి నొక్కితే అది పాత్‌గా, అంటే నోడ్‌లున్న గీతగా మారి నోడ్‌లు చేతికొస్తాయి. పక్కనున్న రెండు నోడ్‌లనూ కాస్త కిందికి జరపండి. బొజ్జ దానంతట అదే కిందికి జారుతుంది, పైన భుజాలు సన్నబడతాయి, సోడా సీసా ఆకారం వచ్చేస్తుంది. బనియన్ ఇదే.

లుంగీకి ఆర్ నొక్కి ఒక దీర్ఘచతురస్రం, కింది అంచు కొంచెం వెడల్పు. కాళ్లు రెండు సన్నటి గుండ్రటి మూలల కడ్డీలు, మోకాలి కింద ఒక చిన్న వంపు. చెప్పులు రెండు అండాకారాలు. వీటి మీద ఎక్కువ సమయం పెట్టకండి. సూరయ్య కాళ్లు ఎవరూ చూడరు.

ముక్కలను అంచుకు అంచు ఆనించి పెట్టకండి. తెర మీద మధ్యలో వెంట్రుకంత తెల్లగీత కనిపిస్తుంది. దర్జీ కుట్టుకోసం గుడ్డ వదిలినట్టు, ప్రతి ముక్కనూ పక్కదాని కిందికి కనీసం 20 పిక్సెళ్లు దూర్చండి. కాలు లుంగీ కిందికి, లుంగీ బనియన్ కిందికి, మెడ గడ్డం కిందికి. పేజ్ అప్, పేజ్ డౌన్ మీటలతో ముక్కలు పైకీ కిందికీ జరుగుతాయి.

ముఖం, మీసం

తలకు మూలలు బాగా గుండ్రం చేసిన చతురస్రం చాలు. వృత్తం పెడితే పసిపిల్లవాడవుతాడు. చెవులను తల కిందికి దూర్చండి, కళ్ల గీతకు సమానంగా. కళ్లను తల సగానికి కాస్త కిందికి దించితే మంచితనం వస్తుంది, పైకి జరిపితే మనిషి గడుసువాడవుతాడు. నమ్మకపోతే జరిపి చూడండి.

మీసం సగమే గీయండి. పెన్ టూల్‌తో 500 గైడ్ మీద మొదలుపెట్టి, బుగ్గ దాకా వెళ్లి, కొస మెలితిప్పి, వెనక్కి గైడ్ మీదికే వచ్చి మూసేయండి. ఆరు నోడ్‌లు దాటకూడదు. తర్వాత కంట్రోల్+డితో నకలు తీసి, హెచ్ నొక్కితే అద్దంలోలా తిరుగుతుంది. కంట్రోల్ నొక్కి పట్టుకుని పక్కకు జరపండి, రెండు సగాలూ మధ్యలో ఒక పిక్సెల్ మేర ఒకదానిమీదికి ఒకటి ఎక్కాలి. రెండూ ఎంచుకుని కంట్రోల్+ప్లస్ నొక్కితే ఒకటే మీసం. సోడా సీసాను కూడా సరిగ్గా ఇలాగే చేయండి: మూతి, నొక్కు, భుజం, అడుగు, సగం సీసాకు ఈ నాలుగు చోట్లే నోడ్‌లు.

ఇలా చేసిన ముఖం పాస్‌పోర్టు ఫోటోలా బిగుసుకుపోయి ఉంటుంది. అంతా అయ్యాక సౌష్టవాన్ని కావాలని చెడగొట్టాలి. ఒక కనుబొమ్మ పైకెత్తండి. మీసం ఒక కొస దించండి. కుడికన్ను వృత్తాన్ని తీసేసి, దాని చోట కిందికి వంగిన మందపాటి గీత ఒకటి పెట్టండి, గోలీ కొడుతున్నాడుగా! నోరు కనబడనక్కర్లేదు, మీసం కింద చిన్న ముక్క చీకటి చాలు.

కీళ్లు

ఇప్పుడు తోలుబొమ్మ విద్య. చెయ్యి మూడు ముక్కలు: భుజం నుంచి మోచేతి దాకా ఒకటి, ముంజేయి ఒకటి, అరచెయ్యి ఒకటి. మొదటి రెండూ మాత్రల్లా రెండు కొసలూ పూర్తి గుండ్రంగా ఉన్న కడ్డీలు. మోచేతి దగ్గర రెండు గుండ్రాల వెడల్పూ ఒకటే ఉండాలి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. అప్పుడు ఎటు తిప్పినా మోచేయి గుండ్రంగానే కనిపిస్తుంది, సందు పడదు.

ముంజేతిని, అరచేతిని కలిపి కంట్రోల్+జితో గ్రూప్ చేయండి. ఆ గ్రూప్‌ను పై ముక్కతో కలిపి మళ్లీ గ్రూప్ చేయండి. ఇంట్లో గది, గదిలో పెట్టె అన్నట్టు. ఇక ముడి వేయాలి: ఎంపిక చేసిన వస్తువు మీద ఇంకోసారి క్లిక్ చేస్తే మూలల్లో వంకర బాణాలు, మధ్యలో ఒక చిన్న కూడిక గుర్తు వస్తాయి. ఆ కూడిక గుర్తే ముడి. దాన్ని లాక్కొచ్చి భుజం గుండ్రం మధ్యలో పెట్టండి. లోపలి గ్రూప్‌ను కంట్రోల్+క్లిక్‌తో విడిగా అందుకోలేకపోతే, బయటి గ్రూప్ మీద రెండుసార్లు క్లిక్ చేసి లోపలికి వెళ్లండి. దాని ముడి మోచేతి దగ్గర పెట్టండి. ఇంక్‌స్కేప్ ఈ ముడులను ఫైలుతోపాటే గుర్తుపెట్టుకుంటుంది. ఇక బాణం పట్టుకుని తిప్పడమే, కంట్రోల్ నొక్కి తిప్పితే 15 డిగ్రీల మెట్ల చొప్పున తిరుగుతుంది.

మొదటిసారి ఆ చెయ్యి భుజం దగ్గర నుంచి లేచినప్పుడు మీరు నవ్వుతారు. నేనైతే అర్ధరాత్రి పదినిమిషాలు ఊరికే ఎత్తి దించుతూ కూర్చున్నాను.

తలకు ముడి గడ్డం కింద, మొండేనికి నడుము దగ్గర. తలను ఆరేడు డిగ్రీలు వెనక్కి వంచండి. అంతకంటే వంచితే మెడనొప్పి వచ్చినట్టుంటుంది. గోలీ నొక్కే వైపు భుజం 15 పిక్సెళ్లు పైకి జరపండి. ఈ చిన్న జరుపుళ్లలోనే బరువు, బలం తెలుస్తాయి.

సీసా పట్టుకునే చేతికి ఒక కిటుకు ఉంది. అరచేతిని, నాలుగు వేళ్లను రెండు విడి ముక్కలు చేయండి. అరచెయ్యి సీసా వెనక, వేళ్లు సీసా ముందు. పట్టు దానంతట అదే కుదురుతుంది. రెండో చేతి బొటనవేలు సీసా మూతి మీద నిటారుగా, కొస కాస్త వెడల్పుగా నొక్కుకున్నట్టు ఉండాలి. మిగతా వేళ్లు ఒకే ముద్దగా గీసినా ఫరవాలేదు, గీతలతో విడదీయొచ్చు. ఐదు వేళ్లూ గోళ్లతో సహా గీసే ఓపిక ఉన్నవాళ్లను చూస్తే నాకు గౌరవమే గాని, సూరయ్యకు అది అనవసరం.

రంగు

కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్‌తో రంగుల పెట్టె తెరిచి, హెచ్‌ఎస్‌ఎల్ పద్ధతి ఎంచుకోండి. ఇందులో మొదటి అంకె రంగు, రెండోది దాని గాఢత, మూడోది వెలుగు. ఆలోచించడానికి ఇంతకంటే అనువైనది లేదు.

ఒళ్లు: 22, 45, 38. ఎండలో రోజంతా బండి దగ్గర నిలబడే మనిషి రంగు అది. సాఫ్ట్‌వేర్ పళ్లెంలో తయారుగా ఉండే లేత పీచ్ పండు రంగును మొహమాటం లేకుండా పక్కన పెట్టండి. మన పుస్తకాల్లో, ప్రకటనల్లో రైతు కూడా ఏసీ గదిలో పెరిగినట్టు ఉంటాడు, నాకు అది ఎప్పుడూ నచ్చలేదు. బనియన్: 45, 40, 90. లుంగీ: 215, 55, 35. తువ్వాలు: 5, 65, 45. సీసా: 165, 30, 60, పారదర్శకత సగానికి. మీసం, జుట్టు: 20, 20, 15; నలుపు పెట్టకండి, పూర్తి నలుపు బొమ్మలో గొయ్యి తవ్వినట్టుంటుంది.

నీడకు అదే రంగులో నలుపు కలపకండి, బొమ్మ మాసిపోతుంది. రంగు అంకెను కూడా జరపండి: ఒంటి నీడ 12, 50, 28. ఎరుపు వైపు జరిగింది, అందుకే చర్మంలో రక్తం ఉన్నట్టుంటుంది. వెలుగు ఎటునుంచి వస్తుందో ఒకసారి నిర్ణయించుకుని అన్ని ముక్కలకూ అదే పాటించండి, ఒక్కో ముక్కకు ఒకే ఒక నీడ.

నీడ ఆకారం ఒంటి అంచు దాటి బయటికి పోకుండా ఉండాలంటే క్లిప్ వాడాలి. మొండేనికి నకలు తీసి, నీడ ముక్క మీదకు ఉంచి, రెండూ ఎంచుకుని ఆబ్జెక్ట్ మెనూలో క్లిప్ పెట్టండి. నీడ మొండెం హద్దులోనే ఆగుతుంది. లుంగీ గళ్లు, తువ్వాలు చారలు కూడా ఇలాగే: చారలను నిర్లక్ష్యంగా పొడుగ్గా గీసి, తువ్వాలు ఆకారంతో క్లిప్ చేయండి. గళ్లను ఒళ్లు వంగిన చోట కాస్త వంచితే గుడ్డలా ఉంటుంది, లేకపోతే గీతల కాగితంలా ఉంటుంది.

చుట్టూ గీత కావాలా?

ప్రతి ముక్కకూ గీత పెడితే మోచేతి దగ్గర, మెడ దగ్గర అడ్డగీతలు పడి బొమ్మ అతుకులబొంతలా కనిపిస్తుంది. గీత లేకుండా వదిలేయొచ్చు. కావాలనిపిస్తే ఇలా చేయండి: బొమ్మ మొత్తానికి నకలు తీసి, ఆ నకలులో గ్రూపులన్నీ కంట్రోల్+షిఫ్ట్+జితో విప్పి, కంట్రోల్+ప్లస్‌తో ఒకటే ముద్ద చేసి, దానికి 12 పిక్సెళ్ల ముదురు గోధుమ గీత పెట్టి, ఎండ్ మీటతో అన్నిటికంటే అడుగుకు పంపండి. ఒంటి చుట్టూ ఒకే గీత నిలుస్తుంది, లోపల కీళ్లు శుభ్రంగా ఉంటాయి. భంగిమ మారిస్తే ఈ ముద్దను మాత్రం మళ్లీ చేసుకోవాలి.

ఆ ముద్ద ఇంకో పనికీ వస్తుంది. దానికి ముదురు రంగు నింపి, పై బొమ్మను ఒక్క క్షణం దాచి చూడండి. ఇప్పుడు మీ ముందున్నది తెర వెనక తోలుబొమ్మ. సీసా, బొటనవేలు, బొజ్జ, మీసం కొస విడివిడిగా తెలుస్తున్నాయా? చేతులు రెండూ ఒంటి ముందు కలిసిపోయి గుమ్మడికాయలా కనిపిస్తే మోచేతిని పక్కకు తిప్పి, చేతికీ ఒంటికీ మధ్య ఖాళీ చూపించండి. ఇంట్లో వాళ్లను పిలిచి ఏమీ చెప్పకుండా ఆ నీడను చూపించండి. మా ఇంట్లో మొదటిసారి "బూర ఊదుతున్నాడా?" అన్నారు. సీసాను ముఖం నుంచి ఒక జానెడు దూరం జరిపాక "సోడా" అన్నారు.

బయటికి పంపడం

బొమ్మను పెద్దది, చిన్నది చేసే ముందు, సెలెక్టర్ టూల్ ఎంచుకున్నప్పుడు పైన కనిపించే చిన్న బొత్తాల్లో గీత మందం కూడా కొలతతోపాటు మారాలనే బొత్తం నొక్కి ఉందో లేదో చూసుకోండి. ఒకసారి జాతర ఫ్లెక్సీ కోసం బొమ్మను సాగదీసినప్పుడు నేను అది చూసుకోలేదు. పది అడుగుల మనిషికి దారప్పోగు మందం గీత మిగిలింది, అచ్చయ్యాక గాని తెలియలేదు.

ముద్రణకు పంపితే పీడీఎఫ్ ఇవ్వండి. తెలుగు అక్షరాలేమైనా ఉంటే వాటిని ముందే కంట్రోల్+షిఫ్ట్+సితో పాత్‌గా మార్చండి, అవతలి కంప్యూటర్‌లో మీ ఖతి లేకపోతే ఒత్తులు ఎగిరిపోతాయి. మార్చకముందు ఫైలుకు ఒక నకలు ఉంచుకోండి, పాత్ అయిన అక్షరాన్ని మళ్లీ టైపు చేసి దిద్దలేరు. తెర మీద మెరిసే పచ్చ, నీలం అచ్చులో కాస్త వడలిపోతాయి, ఎందుకంటే తెర వెలుగుతో చూపిస్తుంది, కాగితం సిరాతో.

వాట్సాప్ స్టిక్కర్ చేయాలనుకుంటే 512 పిక్సెళ్ల చదరం, వెనక పారదర్శకం, 100 కేబీ లోపు, వెబ్‌పీ రూపంలో. ఎగుమతి పెట్టె కంట్రోల్+షిఫ్ట్+ఈ. ఇందాకటి ముద్దకు గోధుమ గీత బదులు తెల్లగీత పెడితే స్టిక్కర్ అంచు తయారు, చీకటి నేపథ్యంలోనూ మీసం కనబడుతుంది. స్టిక్కర్ చిన్నది కాబట్టి లుంగీ గళ్లు తీసేసినా నష్టం లేదు.

ఇప్పుడు ఫైలును వేరే పేరుతో దాచి, అందులో రెండో భంగిమ మొదలుపెట్టండి: బేరాల్లేని మిట్టమధ్యాహ్నం సూరయ్య. ఏదీ కొత్తగా గీయకూడదు. తలను ముందుకు వాల్చండి, భుజాన్ని దించండి, ఒక చేతిని నడుము మీదికి మడవండి, తువ్వాలును భుజం నుంచి తీసి తల మీద వేయండి. రెండు కళ్లూ మూసే గీతలు పెట్టండి. సీసా బండి మీద నిలబడి ఉంటుంది. దాన్ని ఇంకా ఎవరూ కొట్టలేదు కదా, గోలీని మెడ నొక్కులోంచి తీసి మళ్లీ మూతి దగ్గరికి జరపడం మరిచిపోకండి.